క్యాలెండరు బొమ్మ కింద రాసింది నేనే

నేను జీవితమంతా రాసి బతికినవాణ్ణి. రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది చదివింది ఒక్క వాక్యం. అది అబద్ధం. ఆ అబద్ధం అడ్డం పెట్టుకుని ఒక తల్లి దగ్గర నుంచి ఆమె కొడుకుని తీసుకుపోయారు. ఈ మాట నా భార్యకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఆ బరువు ఇన్నాళ్లూ మోశాను అంటే మీరు ఏదో పెద్దగా ఊహించుకోవద్దు. వేళకు తిన్నాను, నిద్రపోయాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను. కానీ ఎవరైనా నా రాతను మెచ్చుకున్నప్పుడల్లా లోపల ఏదో కుంగిపోయేది. నా పనిలో మెచ్చుకోళ్లు తరచుగానే వచ్చేవి. నవ్వుతూ చేతులు జోడించేవాణ్ణి. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాణ్ణి.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు నన్ను నేను మంచిగా చూపించుకుంటాను. నేను నేర్చుకున్న విద్యే అది. మీ దగ్గర ఆ పని చేయకూడదని గట్టిగా అనుకుని కూర్చున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, పాత అలవాటు అనుకుని ఆ ముక్క నమ్మకండి.

మాది సిరుగుప్ప తాలూకా, దేశనూరు దగ్గర ఒక పల్లె. సేద్యం చేసుకునే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో సాయిబుల మాట. మూడూ కలిపి మాట్లాడితే తప్ప మాకు మాట్లాడినట్టు ఉండేది కాదు. అరవైల మొదట్లో బళ్లారిలో చదువు మధ్యలో వదిలేసి తిరుగుతున్న నాకు, యశ్వంతనగర్ వైపు కొండల్లో ఇనుప రాయి తవ్వించే ఒక కంపెనీలో గుమాస్తా పని దొరికింది. ఆ కంపెనీ పేరు చెప్పను. ఇప్పుడది లేదు, అయినా చెప్పను. తప్పు దాని మీదికి తోసేయడం నాకు సులువవుతుంది గనక.

కూలీల గుడిసెల దగ్గర ఒకే ఒక నల్లా ఉండేది. దాన్ని ఎవరూ కట్టేయడం లేదని, నోటీసు రాసి అతికించమన్నారు. "నీటిని వృథా చేయరాదు" అని రాసి ఇవ్వాలి. నాకెందుకో నవ్వొచ్చింది. ఆ మాట అక్కడ నీళ్లు పట్టుకునే ఆడవాళ్లతో ఎవరైనా అంటారా? "అక్కా, బిందె నిండినాంక నల్లా కట్టెయ్యి. నీ ఎనకాల ఇంగో అక్క నిలబడుండాది" అని తెలుగులోనూ కన్నడంలోనూ రాశాను. చదువొచ్చిన వాళ్లు రాని వాళ్లకు చదివి వినిపించి నవ్వుకున్నారు. నల్లా కట్టేయడం కూడా మొదలుపెట్టారు.

మద్రాసు నుంచి వచ్చిన పబ్లిసిటీ ఆఫీసరు ఆ నోటీసు ముందు నిలబడి, ఇది ఎవడు రాశాడని అడిగాడు. మరునాటి నుంచి నేను ఆయన గదిలో ఉన్నాను. పౌరసంబంధాలు అనే మాట మేము తర్వాతెప్పుడో విన్నాం; అప్పుడు అందరం పబ్లిసిటీ అనే అనేవాళ్లం.

ఆయన దగ్గర రాయడం నేర్చుకున్నాను. నిజంగా నేర్చుకున్నాను. "కార్మికులకు గృహవసతి కల్పించబడినది" అని రాసుకెళితే, ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, ఇల్లు ఎవడికి కావాలయ్యా, ఇంట్లో మనిషిని చూపించు అనేవాడు. మనిషికి పేరు పెట్టు, ఊరు చెప్పు, ఆ పూట ఏం వండుకుందో చెప్పు అనేవాడు. అప్పుడు చదివేవాడు ఇంటిని తనే చూసుకుంటాడట. ఆయన చెప్పినట్టు రాస్తే నా అక్షరాలు నాకే కొత్తగా కనిపించేవి. ఎర్రదుమ్ములో పొద్దంతా తిరిగి కూలీల మాటలు వినేవాణ్ణి, సాయంత్రం వాటిని వాక్యాలుగా మార్చేవాణ్ణి. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఆ విద్య చెడ్డదని ఇప్పటికీ అనను. తర్వాతి రోజుల్లో మశూచి టీకాలకీ, పిల్లల బడికీ దాన్నే వాడాను.

చూశారా, అప్పుడే మొదలుపెట్టాను. టీకాల సంగతి మీరు అడగలేదు.

కంపెనీ కొండ కింద కూలీలకు రాతి గోడల ఇళ్లు వరుసగా కట్టించింది. ఆ ఏడాది క్యాలెండరు మీద దేవుడి బొమ్మకు బదులు ఆ ఇళ్ల బొమ్మ వేయాలని మా ఆఫీసరు ఆలోచన. ఇంటి ముందు ఒక కుటుంబం నిలబడాలి. ఎవరిని నిలబెట్టాలో, కింద ఏం రాయాలో అంతా నాకే వదిలేశాడు. నా మీద ఆయనకు అంత నమ్మకం.

సున్నం కొట్టి పూర్తయిన ఇల్లు అప్పటికి ఒక్కటే. అది పేలుడు మందు కూరడానికి రాళ్లకు తమిరు వేసే, అంటే బొక్కలు తొలిచే మారెప్ప ఇల్లు. అతడి భార్య పిల్లల్ని వెంటబెట్టుకుని కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఫోటోగ్రాఫరు హోసపేట నుంచి వచ్చాడు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి. మారెప్ప ఒక్కడే గుమ్మంలో నిలబడితే అది కుటుంబం ఎలా అవుతుంది? చుట్టూ చూశాను. గంపతో రాయి మోసే హనుమక్క కనిపించింది. మొగుడు పోయాక కొడుకును చంకనేసుకుని కొండకు పనికొచ్చిన మనిషి. మొహం కళగా ఉంటుంది. కొడుకు గాదిలింగ బుగ్గలతో ముద్దుగా ఉండేవాడు.

చీరా గాజులూ సండూరు బజారు నుంచి నేనే తెప్పించాను. ఆమె చీర కట్టుకుంది. గాజులు చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"గాజులు వద్దులేప్పా" అంది.

"చేతులు బోసిగా ఉంటే బొమ్మలో బాగుండదక్కా. సుమ్నె, ఊరికే ఒక నిమిషం నిలబడు, అయిపోతాది. నేనుండా కదా" అన్నాను.

వేసుకుంది. మారెప్ప పక్కన నిలబెట్టాను. వాళ్లిద్దరి మధ్య గాదిలింగను నిలబెట్టి, మారెప్ప వేలు పట్టుకోమన్నాను. బిస్కట్ పొట్లం చూపిస్తే పిల్లవాడు నవ్వాడు. ఫోటో అయ్యాక, చీర నువ్వే ఉంచుకో అక్కా అన్నాను. గొప్ప దాత లాగా.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వైపు కొన్ని కులాల్లో మొగుడు పోయిన ఆడమనిషి మళ్లీ మనువాడవచ్చు. దాన్ని ఉడికె అంటారు. పందిరి ఉండదు, మేళం ఉండదు. కొత్త చీర పెట్టి, గాజులు వేయించి, నలుగురు చూస్తుండగా మగవాడి పక్కన నిలబెడితే మనువు అయిపోయినట్టే. ఎవరూ తప్పు పట్టరు. అయితే ఉడికె అయిన మనిషికి మొదటి మొగుడి పొలంలో భాగం పోతుంది. బిడ్డ ఆ మొదటి మొగుడి ఇంటివాళ్లకే చెందుతాడు.

ఇది నాకు తెలుసు. చిన్నప్పుడు మా పొలంలో పనిచేసేవాళ్ల ఇంట్లో చూశాను. మరి ఫోటో తీసిననాడు గుర్తు రాలేదా? రాలేదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ గాజులు పట్టుకుని ఆమె ఎందుకు ఆగిందో నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనా పక్కన పెట్టేశాను. సాయంత్రం బస్సు, వెలుతురు, ఫోటోగ్రాఫరు తొందర. ఒక మనిషి జంకు కంటే అవే నాకు పెద్దవైపోయాయి.

తర్వాత బొమ్మ కింద మాట రాయాలి. మారెప్ప భార్య పేరే రాసి ఉండవచ్చు. కానీ కొండ మీద హనుమక్క తెలియనివాళ్లు లేరు; వేరే పేరు రాస్తే చూసి నవ్వుతారు. ఆ నవ్వుకు జడిశాను. అందుకని పేరు నిజమే రాశాను, బంధం అబద్ధం రాశాను. "మారెప్ప ఇంట్లో ఇవాళ జొన్నరొట్టె, వంకాయ కూర. భార్య హనుమక్క, కొడుకు గాదిలింగ ఆకలి మీద ఉన్నారు. ఫోటో తొందరగా తియ్యండి!" ఇదీ నేను రాసింది. ఆఫీసరు చదివి, లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఆయన ఎర్ర సిరా ముట్టుకోలేదు.

క్యాలెండరు మద్రాసులో రంగుల్లో అచ్చయి వచ్చింది. అప్పట్లో రంగుల క్యాలెండరంటే ఇంటికి అలంకారం. సండూరు హోటళ్లలో, బళ్లారి మంగలి షాపుల్లో, బస్సు కంపెనీ ఆఫీసుల్లో, పల్లెల్లో గోడల మీద ఎక్కడ చూసినా అదే. జనం ఆ వాక్యం పైకి చదివి నవ్వేవాళ్లు. నేను ఎవరినన్న సంగతి చెప్పకుండా పక్కన నిలబడి వినేవాణ్ణి. ఆ సంతోషం ఎలాంటిదో రాసేవాళ్లకే తెలుస్తుంది.

హనుమక్క అత్తగారి పల్లెకూ ఆ క్యాలెండరు చేరింది. ఆమె పెద్ద బావ ఈరన్నకు తమ్ముడి భాగం నల్లరేగడి మీద ఎప్పటి నుంచో కన్ను. ఊరి పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని, క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. అంతకుముందే మారెప్పను అడిగారట. అతడు దేవుడి మీద ఒట్టు పెట్టాడట. నేరం మీద పడిన మనిషి ఒట్టు ఎవరు వింటారు? ఇక చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

పెద్దల్లో ఒకాయన మర్యాదగానే అడిగాడు. "ఇది రాసినోడివి నువ్వేనంట కదప్పా. చూసి రాసినావా, విని రాసినావా?"

వెనక గదిలో ఆఫీసరు ఉన్నాడు. నన్ను బెంగళూరు ఆఫీసుకు పంపమని అంతకు ముందు వారమే పైకి రాశాడు. ఇది ఉత్తుత్తి బొమ్మ అంటే, కంపెనీ అచ్చు వేసేదంతా ఉత్తుత్తిదే అని సంతల్లో చెప్పుకుంటారు. ఇవన్నీ తలలో తిరిగాయి. వాటి కింద ఇంకొకటి ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. ఆ వాక్యం నా వాక్యం. నా నోటితో దాన్ని అబద్ధమనడానికి మనసు రాలేదు.

"చూసే రాసినా" అన్నాను.

"అంతే సాలప్పా" అని లేచి వెళ్లిపోయారు. నేను వాళ్లకు మంచినీళ్లు కూడా ఇప్పించాను.

రెండు రోజులకో మూడు రోజులకో హనుమక్క వచ్చింది. ఎర్రదుమ్ము కొట్టుకున్న మొహంతో, గంప కింద పెట్టి మెట్ల దగ్గరే నిలబడింది. మధ్యాహ్నం. ఆఫీసులో ఇంకెవరూ లేరు.

"ఏంటికప్పా అట్ల చెప్పినావు?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"నా కొడుకును తోలుకోని పోయినారు. బండిలో కూసోబెట్టుకోని పోయినారు. జాతరకు పోతాండామని చెప్పినారంట వానికి. నగుతా పోయినాడప్పా వాడు."

"చూస్తానక్కా."

"చూసేదేముండాది? రాసినోడివి నువ్వే కదా. ఇంగో కాయితం రాయి. హనుమక్క మారెప్పకు పెండ్లాం కాదు, సుమ్నె బొమ్మకు నిలబెట్టినాము అని రాయి. అంతే. నేనే తీసకపోయి పెద్దోళ్లకు చూపిస్తా. నువ్వు రాకున్నా ఏం లేదు."

"ఆఫీసరును అడగల్లక్కా."

"నన్ను గాజులేసుకోమన్నప్పుడు ఎవరిని అడిగినావప్పా?"

ఆమె అరవలేదు. ఏడవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. గంప ఎత్తుకుని వెళ్లింది.

ఆఫీసరును అడిగాను. ఆయన చెడ్డ మనిషి కాదు. విని బాధపడ్డాడు కూడా. కానీ మనం కాదని అచ్చు వేస్తే ఆ బొమ్మ చూడనివాళ్లు కూడా చూస్తారయ్యా, కొన్నాళ్లు ఊరుకో, వాళ్లలో వాళ్లే సర్దుకుంటారు అన్నాడు. చాలా ఏళ్లు ఈ పాపంలో సగం ఆయన ఖాతాలో వేసి బతికాను. ఆయన వద్దన్నాడు, నేనేం చేయను అని. కానీ ఆలోచించండి. ఆమె అచ్చు వేయమని అడగలేదు. ఒక తెల్లకాగితం అడిగింది. నాలుగు ముక్కలు రాసి కింద సంతకం పెట్టడానికి నాకు మద్రాసు ఆఫీసరు అనుమతి ఎందుకు? నల్లా నోటీసులో వాళ్లు చెప్పిన మాట మార్చి రాయడానికి ఎవరి అనుమతి తీసుకున్నాను? రాయగలిగీ రాయలేదు. నా తప్పంతా అక్కడే ఉంది. ఫోటోలో కంటే, ఆ వాక్యంలో కంటే, పెద్దల ముందు అన్న మాటలో కంటే అక్కడే ఎక్కువ ఉంది.

ఆమె మళ్లీ మళ్లీ వచ్చింది. ఆఫీసుకు ఎదురుగా నిలబడేది. నేను వెనక తలుపు నుంచి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. తర్వాత రావడం మానేసింది. పొలమూ పోయింది, బిడ్డా పోయాడు. కాలువ కింద భూములు కొన్న కోస్తావాళ్ల క్యాంపుల్లో నాట్లకు వెళుతోందని ఎవరో అన్నారు. నాకు బెంగళూరు బదిలీ అయింది.

అక్కడ ఎదిగాను. కుర్రవాళ్లకు పాఠాలు చెప్పాను. మనిషికి పేరు పెట్టండి అని చెప్పేవాణ్ణి, మనిషిని అడిగి పెట్టండి అని ఒక్కసారైనా చెప్పానా? చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారేమోనని భయం. ఉద్యోగం నుంచి దిగిపోయే రోజు ఒకాయన వేదిక మీద నా క్యాలెండరు వాక్యాన్ని కంఠతా చెప్పాడు. జొన్నరొట్టె, వంకాయ కూర. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. వాళ్లు వేసిన దండ మెడలో ఉండగానే తేల్చుకున్నాను, చచ్చేలోగా చెప్పాల్సిన చోట చెప్పి తీరాలని.

గాదిలింగను వెతికాను. తొందరగా దొరకలేదు. ఊరు వదిలేశాడన్నారు, లారీ మీద ఉన్నాడన్నారు. ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగి, ఆఖరికి దోణిమలై దారిలో ఒక లారీ షెడ్డుకు చేరాను. తల నెరిసిన మనిషి, బనీను మీద గ్రీజు మరకలు. బుగ్గలు లేవు. చెప్పవలసింది రాసుకుని వెళదామని మొదట అనుకున్నాను. కాగితం మీద పెడితే మళ్లీ అందంగా రాసేస్తానని భయపడి, నోటితోనే చెప్పాను. చీర నుంచి వెనక తలుపు దాకా, ఏదీ వదలకుండా చెప్పాను.

అంతా విని అతడు పాత టైరు మీద కూర్చున్నాడు.

"మాయమ్మ జాతరకు వస్తాండె" అన్నాడు. "ఏటేటా వస్తాండె. మండక్కి బొరుగుల పొట్లం పట్టుకోని ఆ పక్క నిలబడుకుంటాండె. మొగుని కోసరం నిన్ను ఇడిసిపెట్టి పోయింది అని మా ఇంట్లో చెప్పినారు. నేను పోలేదు. మీసాలొచ్చినాంక నేనే పోయి చెప్పినా, ఇంగ రావద్దని. మళ్ల రాలేదు."

ఆమె ఎక్కడుందని అడిగాను. చనిపోయిందట, ఏదో క్యాంపులో. కబురు వస్తే తను వెళ్లలేదట.

నేను అనుకున్నది ఇది కాదు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామని సిద్ధపడి వెళ్లాను. అతడు మోయాల్సింది ఇంకొకటి ఉంటుందని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లూ తల్లి తప్పు చేసిందని బతికినవాడు, ఇక తనే తప్పు చేశానని బతకాలి. అది నేను చెప్పబట్టే. మరి చెప్పకుండా ఉండాల్సిందా? ఆ టైరు ముందు నిలబడి ఈ ప్రశ్న వేసుకున్నాను, ఇప్పుడూ వేసుకుంటున్నాను. ఎన్నిసార్లు వేసుకున్నా ఒకటే తేలుతుంది. చెప్పాల్సిందే. ఆమె పేరు బాగుపడటానికి ఇంకో దారి లేదు. అతడు బాధపడతాడని ఊరుకోవడం కూడా వెనక తలుపే.

"ఇప్పుడు చెప్పి నీకేమొచ్చిందప్పా?" అని అడిగాడు.

"బరువు దిగింది" అన్నాను. అతడితో ఇంకో అబద్ధం ఆడదలుచుకోలేదు.

తల ఊపాడు. ఇక పో అన్నట్టు చెయ్యి చూపించి లారీ కిందికి దూరాడు. క్షమించమని నేను అడగలేదు. అది అడగకూడదని బస్సులోనే నిశ్చయించుకున్నాను. అడిగితే అతడి మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది.

ఇక్కడ నా పేరు రాయడం లేదు. పిల్లల కోసం అని చెప్పుకోవచ్చు గాని, అది పిరికితనమే. హనుమక్క పేరు మాత్రం రాశాను. ఆ పేరు ఒకసారి అబద్ధంతో ఊరూరా తిరిగింది, ఇప్పుడు నిజంతో ఎంత దూరం పోతే అంత దూరం పోనీ. ఆమె ఎవరినీ ఉడికె చేసుకోలేదు. కొడుకును వదిలిపెట్టి పోలేదు. మారెప్ప పక్కన ఆమె నిలబడలేదు, నేను నిలబెట్టాను.